పదకొండు రోజులు: ఒక ప్రోనోటు బాకీ వసూలైన తీరు

2016 ఫిబ్రవరి మొదట్లో ఒక రిటైర్డ్ తెలుగు టీచరు గారు మా ప్లీడరు ఆఫీసుకు వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని మళ్ళీ పాత క్యాలెండరు కాగితంలో చుట్టి తెచ్చిన ప్రోనోటు తీసి బల్ల మీద పెట్టారు. ఆరు లక్షలు. తేదీ 2011 జూన్ 14. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బు బ్యాంకులోంచి తీసి, దూరపు చుట్టరికం ఉన్న ఒక ధాన్యం వ్యాపారికి ఇచ్చారు. రెండేళ్ళు నెలనెలా పన్నెండు వేలు తెచ్చి ఇచ్చాడు. 2013 జూన్ తర్వాత ఆపేశాడు.

"అడిగితే ఇస్తానంటాడు బాబూ, లేదని ఎప్పుడూ అనడు" అన్నారావిడ.

లేదనేవాడితో మాకు పెద్ద ఇబ్బంది ఉండదు, అప్పిచ్చినవాళ్ళు వెంటనే దావాకు వస్తారు. ఇస్తాననేవాడి మాట నమ్మి కూర్చున్నవాళ్ళ నోట్లకే దావా గడువు దాటి కాలదోషం పడుతుంది. (పేర్లు, ఊరు తీసేసి రాస్తున్నాను. గుంటూరు జిల్లాలో ఒక తాలూకా కోర్టు అనుకోండి.)

నోటు వెనకవైపు

ఏ ప్రోనోటు చేతికొచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తాను. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసే డిమాండు ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు నోటు రాసిన రోజు నుంచి మూడేళ్ళు. అడిగిన రోజు నుంచి మూడేళ్ళు అనుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. ఆ లెక్కన ఈ నోటుకు 2014 జూన్ 14తో నూకలు చెల్లాలి. కానీ వెనక మూడు లైన్లు ఉన్నాయి: ఈ నోటు బాపతు 2014 జూన్ 2న రొక్కం ఐదు వేలు చెల్లు. రాత టీచరు గారిది, గుండ్రటి బ్లాక్‌బోర్డు అక్షరాలు. కింద సంతకం అతనిది.

"మా వీధిలో దస్తావేజులు రాసే ఆయన చెప్పాడు, మూడేళ్ళు నిండుతున్నాయి, ఎంతో కొంత చెల్లు వేయించుకోండమ్మా అని."

ఆ ఐదు వేలే కేసుకు ప్రాణం పోసింది. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు తీరకముందే బాకీలో కొంత చెల్లించి, ఆ సంగతి చెల్లించినవాడి చేతిరాతలో గానీ అతను సంతకం పెట్టిన రాతలో గానీ ఉంటే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు వస్తాయి. రాత ఎవరిదైనా సంతకం అతనిదైతే చాలు. గడువు దాటిపోయాక వేయించుకున్న చెల్లుకు ఈ సెక్షన్ పనికిరాదు. ఇక్కడ పన్నెండు రోజుల ముందు పడింది.

ముందువైపు రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం అడ్డంగా వెళ్ళింది, బాగుంది. స్టాంపు లేని ప్రోనోటును మిగతా దస్తావేజుల్లా పెనాల్టీ కట్టి బతికించుకునే దారి స్టాంపు చట్టం 35వ సెక్షన్ ఇవ్వదు. స్టాంపు అతికించి దాన్ని సంతకంతో కొట్టేయకపోయినా స్టాంపు లేనట్టే లెక్క.

నా పొరపాటు

నోటు బాగుంది, గడువుంది. అలవాటు కొద్దీ మర్నాడే రిజిస్టర్డ్ నోటీసు పంపాను: పదిహేను రోజుల్లో అసలు, వడ్డీ చెల్లించాలి, లేదంటే కోర్టుకు వెళ్తాం అని. ఫిబ్రవరి 8న అతను సంతకం పెట్టి తీసుకున్నట్టు కార్డు తిరిగొచ్చింది. జవాబు లేదు. మార్చి నెలాఖరుకు దావా కాగితాలు తయారుచేస్తూ, జప్తు పిటిషనుకు ఆస్తుల వివరాలు కావాలి కదా అని ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించాను.

ఫిబ్రవరి 19న, అతని పేరున ఉన్న ఎకరం ఎనభై సెంట్ల మాగాణి భార్య పేర గిఫ్ట్ సెటిల్‌మెంటు రిజిస్టరై ఉంది. నోటీసు అందిన పదకొండో రోజు.

డిమాండు ప్రోనోటు మీద దావాకు ముందు నోటీసు ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. నోటు రాసిన రోజునే దావా హక్కు పుడుతుంది. చెక్కు బౌన్సు కేసులో నోటీసు తప్పనిసరి కాబట్టి, దాన్ని చూసి ప్రోనోటుకూ ఇవ్వడం అందరికీ అలవాటైంది. మర్యాద కోసం ఇచ్చిన ఆ నోటీసు బాకీదారుకు హెచ్చరికగా పనిచేసింది. తర్వాతి ఏడున్నరేళ్ళలో సగం ఆ పదకొండు రోజుల నష్టం పూడ్చడానికే పోయింది. ఇప్పుడు మా ఆఫీసులో పద్ధతి మారింది: మొదటి రోజు ఈసీ, రెండో రోజు జప్తు అఫిడవిటు, దావా నంబరు పడ్డాక కావాలంటే నోటీసు.

అతనికి ఊళ్ళో డాబా కూడా ఉంది. అది 2013 నుంచి బ్యాంకు తనఖాలో ఉంది. బ్యాంకుకు సర్ఫేసీ చట్టం 2002లో వచ్చింది. అరవై రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు డిక్రీ లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకోగలదు. టీచరు గారు అప్పిచ్చిన రోజు నోటుతో పాటు పొలాన్ని రిజిస్టర్డ్ తనఖా రాయించుకుని ఉంటే గడువు పన్నెండేళ్ళు ఉండేది. ఆ పొలం ఎవరి చేతికి మారినా బాకీ దాన్ని అంటిపెట్టుకునే ఉండేది. "చుట్టాల దగ్గర తనఖా ఏం అడుగుతాం బాబూ" అన్నారు. నిజమే, ఎవరూ అడగరు.

ఆవిడ మేనల్లుడు ఇంకో దారి చెప్పాడు: నలుగురు కుర్రాళ్ళను తీసుకెళ్ళి ధాన్యం లారీకి అడ్డం పడదామని. అలా చేస్తే బాకీ సంగతి పక్కకు పోయి మన మీద క్రిమినల్ కేసు మిగులుతుందని చెప్పి పంపించాను.

డప్పు, అమీను

2016 ఏప్రిల్లో దావా వేశాం. అసలు ఆరు లక్షలు, 34 నెలల వడ్డీ 4,08,000, అందులో చెల్లు ఐదు వేలు తీసేస్తే 10,03,000. రెండేళ్ళ వడ్డీ అందిందన్న సంగతికి కాగితం లేకపోయినా దావాలో ఒప్పుకున్నాం. టీచరు గారే పట్టుబట్టారు. అది తర్వాత బాగా పనికొచ్చింది.

దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 38, రూలు 5 కింద పిటిషను. ఇది అడిగినవాళ్ళందరికీ ఇచ్చేది కాదు. మామూలు బాకీని జప్తు ద్వారా తనఖా బాకీలా మార్చుకోవడానికి ఈ రూలును వాడకూడదని సుప్రీంకోర్టు 2007లో రామన్ టెక్ కేసులో చెప్పింది. బాకీదారు ఆస్తి జారవిడుస్తున్నాడని చూపాలి. మాకు చూపడానికి ఆ గిఫ్టే దొరికింది. భార్య పేరున ఉన్నా పొలం ఇంకా అతనిదేనని, ఆ గిఫ్టు అప్పులవాళ్ళను ఎగ్గొట్టడానికి రాసిందని అఫిడవిటులో రాశాం. కోర్టు అతన్ని ముందుగా జామీను (బాకీకి హామీ) ఇవ్వమని, ఈలోగా షరతుతో జప్తు అని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వులో జామీను మాట ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. జామీను అడక్కుండా చేసిన జప్తు చెల్లదని అదే రూలులో నాలుగో ఉపరూలు చెప్తోంది. అవతలి పక్షం అలాంటి లొసుగు కోసమే చూస్తుంది.

జూన్లో, కోర్టు జప్తులు అమలుచేసే అమీను గారితో పాటు నేనూ పొలానికి వెళ్ళాను. సాధారణంగా ప్లీడరు వెళ్ళడు. వెళ్తే మంచిదని నా అభిప్రాయం. డప్పు కొట్టే అతను గట్టు మీద నిలబడి సర్వే నంబరు చెప్పి, ఈ భూమి కోర్టు జప్తులో ఉంది, ఎవరూ కొనకూడదు, తాకట్టు పెట్టుకోకూడదు అని మూడుసార్లు చాటాడు. వినేవాళ్ళు ఇద్దరు గేదెల కాపరులు. మహజరు (అక్కడ జరిగింది రాసే కాగితం) మీద సాక్షి సంతకం పెట్టమంటే ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. ఒకాయన "మాకెందుకు సార్ ఈ గొడవ, రేపు మొహాలు చూసుకోవాలి" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటే అమీను గారి చేత రిపోర్టులో రాయించాను.

ఆ మధ్యాహ్నం ఇంకోటి తెలిసింది. కౌలు రైతు పొలంలో నారు పోస్తున్నాడు. కౌలు ఎవరికిస్తున్నావయ్యా అంటే మన బాకీదారు పేరు చెప్పాడు. అతని పేరు, ఫోను నంబరు రాసుకున్నాను.

ఆయన పొలమే కదండీ

భార్య క్లెయిము పిటిషను వేసింది, ఊహించిందే. ఆస్తి నాది, నా భర్త బాకీతో నాకు సంబంధం లేదు అని. ఆర్డరు 21, రూలు 58 కింద దీని విచారణ పూర్తి దావా విచారణ లాగే జరుగుతుంది, వచ్చే ఉత్తర్వుకు డిక్రీ విలువ ఉంటుంది. విడిగా ఇంకో దావా అక్కర్లేదు.

అవతలి ప్లీడరు గారు మొదటి రోజే లేవదీసిన అభ్యంతరం ఏమిటంటే, మోసపు బదిలీని రద్దు చేయించాలంటే ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ ప్రకారం అప్పులవాళ్ళందరి తరఫునా దావా వేయాలి, ఒక్కరు అడ్డం తిరిగితే చాలదు. దీనికి సమాధానం అబ్దుల్ షుకూర్ సాహెబ్, అర్జి పాపారావు కేసులో 1962లో సుప్రీంకోర్టు ఇచ్చింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన అప్పీలే. ఆస్తి నాదంటూ వచ్చినవాళ్ళకు జవాబుగా అప్పులాయన ఆ బదిలీ మోసపుదని చెప్పుకోవచ్చు, అందుకు అందరి తరఫునా దావా అక్కర్లేదు.

53వ సెక్షన్లో డబ్బిచ్చి మంచి మనసుతో కొన్నవాడికి రక్షణ ఉంది. గిఫ్టు పుచ్చుకున్నవాళ్ళు డబ్బే ఇవ్వలేదు కాబట్టి ఆ తలుపు ఆమెకు మూసుకుపోయింది. మిగిలింది ఉద్దేశం నిరూపించడం. దానికి పదకొండు రోజుల లెక్క, తనఖాలో లేని ఆస్తి అదొక్కటే కావడం, గిఫ్టు తర్వాత కూడా పంట రుణం అతని పేరునే ఉండడం, పట్టాదారు పాసు పుస్తకం మారకపోవడం, కౌలు రైతు సాక్ష్యం సరిపోయాయి. అన్నిటికన్నా గట్టిది ఆమె నోటి నుంచే వచ్చింది.

"పొలానికి తూర్పు హద్దు ఎవరిదమ్మా?"

"తెలవదండి."

"కౌలు డబ్బు ఎవరు తీసుకుంటున్నారు?"

"ఆయనేనండి."

"పొలం మీది కదా, మీరెందుకు తీసుకోవట్లేదు?"

"ఆయన పొలమే కదండీ."

జడ్జిగారు తలెత్తి చూసి, ఆ మాటను ఉన్నదున్నట్టు రాయమన్నారు. ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు. పిలిచి సంతకం పెట్టమంటే పెట్టింది, కోర్టుకు రమ్మంటే వచ్చింది. కేసు గెలిపించిన జవాబు అదే అయినా ఆ సాయంత్రం నాకేమంత హుషారుగా లేదు.

2018లో క్లెయిము కొట్టేశారు. 2021లో ఆమె అప్పీలూ పోయింది. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆ గిఫ్టు కాకుండా నిజమైన అమ్మకం జరిగి, జప్తుకు ముందు రాసిన క్రయ దస్తావేజు జప్తు తర్వాత రిజిస్టరైనా, కొన్నవాడిదే పైచేయి అని 1990లో హమ్దా అమ్మాళ్ కేసులో తేలింది. అతను భార్యకు కాకుండా బయటివాడికి అమ్మేసి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

సంతకం ఎవరిది

అసలు దావాలో అతని వాదన అందరూ చెప్పేదే: చీటీ కట్టినప్పుడు హామీగా ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టి ఇచ్చాను, దాన్ని నింపుకున్నారు, డబ్బు తీసుకోలేదు. సంతకం ఒప్పుకున్నాక నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ప్రకారం డబ్బు ముట్టిందనే కోర్టు భావిస్తుంది. కాదని చూపాల్సింది అతను. ఉత్తుత్తి నిరాకరణ చాలదని 1999లో భారత్ బారెల్ కేసు తేల్చింది. టీచరు గారి బ్యాంకు పాసుబుక్కులో 2011 జూన్ 13న ఆరు లక్షలు తీసిన ఎంట్రీ ఉంది. చీటీ కాగితం ఒక్కటీ అతను చూపలేకపోయాడు.

అతను తెలివిగా పట్టుకున్నది వెనకవైపు సంతకాన్ని. చెల్లు నాది కాదు అన్నాడు. 118వ సెక్షన్ నోటుకు వర్తిస్తుంది గానీ చెల్లుకు వర్తించదు. చెల్లు నిరూపించే బరువు వాది మీదే. అది పోతే దావా మొత్తం కాలదోషంతో పోతుంది.

నిపుణుడికి పంపడానికి పోల్చే సంతకాలు కావాలి. వకాలతు మీద సంతకం పనికిరాదు. గొడవ మొదలయ్యాక మనుషులు వంకర్లు తిప్పి పెడతారు, ఇతనూ అలాగే పెట్టాడు. బ్యాంకు నుంచి 2013 తనఖా కాగితాలు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి 2014 ఆగస్టులో ఎవరిదో దస్తావేజుకు అతను సాక్షిగా పెట్టిన సంతకం తెప్పించాం. రిపోర్టు మాకు అనుకూలంగా వచ్చింది. కానీ అది అభిప్రాయమే, సొంతంగా నిలబడదు. నిలబెట్టింది టీచరు గారి క్రాసు, అంటే అవతలి ప్లీడరు ప్రశ్నలకు ఆవిడ చెప్పిన జవాబులు.

"జూన్ రెండో తారీఖే అని అంత ఖాయంగా ఎలా చెప్తున్నారు?"

"ఆ రోజు తెలంగాణ వచ్చింది కదండీ. టీవీలో అదే చూపిస్తున్నారు. ఆయన మా వరండాలో కాఫీ తాగుతూ, ఇక మనది వేరే రాష్ట్రం టీచరు గారూ అన్నాడు. ఆ మాటంటూనే సంతకం పెట్టాడు."

అవతలి ప్లీడరు గారు ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చున్నారు. రెండేళ్ళ వడ్డీ ముట్టిందని కాగితం లేకుండానే ఒప్పుకున్న మనిషి ఐదు వేలకు దొంగ చెల్లు రాస్తుందా అని తీర్పులో ఒక పేరా ఉంది.

డిక్రీ తర్వాత

2019 ఫిబ్రవరిలో డిక్రీ వచ్చింది. దావా రోజు వరకు నోటులోని 24 శాతం, దావా నుంచి డిక్రీ వరకు అసలు మీద 12, ఆ తర్వాత 6 శాతం. మన కోర్టుల్లో ఇది మామూలే, వ్యాపార లావాదేవీ కాకపోతే డిక్రీ తర్వాత సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ 6 దాటనివ్వదు. బజార్లో రెండు రూపాయలు, కోర్టులో అర్ధరూపాయి. డిక్రీ తర్వాత సాగదీసినకొద్దీ బాకీదారుకే లాభం, ఈ లెక్క తెలియని బాకీదారును నేనింతవరకు చూడలేదు.

అరెస్టు ఈపీ (డిక్రీ అమలు పిటిషను) వేయమని మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసు తర్వాత, డబ్బుండీ ఎగ్గొడుతున్నాడని నిరూపిస్తే తప్ప జైలు లేదు. పైగా జైలులో ఉన్నంత కాలం బత్తా, అంటే అతని తిండి ఖర్చు, మనమే కట్టాలి. గడువు మూడు నెలలకు మించదు. పొలం జప్తులో ఉండగా అటు పోవడం దండగని వేలం ఈపీయే వేశాను.

జులైలో పోస్టులో ఐపీ (దివాలా పిటిషను) నోటీసు వచ్చింది. 'ఐపీ పెట్టాడు' అన్న మాట మన ఊళ్ళలో తిట్టు కిందే లెక్క. దాని వెనక ఉన్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. కంపెనీలకు దివాలా కోడు వచ్చినా మామూలు మనుషులకు ఇంకా ఇదే నడుస్తోంది. జాబితాలో తొమ్మిది మంది అప్పులవాళ్ళు, అందులో ముగ్గురు బావమరుదులు. తేదీ చూశాక అసలు తెలివి అర్థమైంది. దివాలా తీసినవాడు పిటిషనుకు ముందు రెండేళ్ళలో చేసిన ఉచిత బదిలీలను, దివాలా ఆస్తులు చూసే రిసీవరు రద్దు చేయించగలడు. గిఫ్టు 2016 ఫిబ్రవరి, ఐపీ 2019 జులై. రెండేళ్ళు దాటేదాకా ఆగి పెట్టాడు. దివాలా ఖాయమైతే మా జప్తుకు ప్రత్యేక హక్కేమీ ఉండదు. ఎందుకంటే జప్తు ఆస్తిని కదలకుండా కట్టేస్తుంది గానీ దాని మీద తనఖా హక్కు ఇవ్వదు, అప్పులవాళ్ళందరితో పాటు మేమూ వంతుకు నిలబడాలి.

మధ్యంతర ఉత్తర్వుతో ఈపీ ఆగింది. తర్వాత కరోనా. చివరికి ధాన్యం లెక్కల పుస్తకాలు తెమ్మంటే తేలేక, బావమరుదుల అప్పులకు కాగితం చూపలేక 2022లో ఐపీ కొట్టించుకున్నాడు.

పాట

వేలం ప్రకటనలో ధర దగ్గర రెండు వాయిదాలు పోయాయి. మేము ఎకరం ఇరవై లక్షలన్నాం, వాళ్ళు నలభై ఐదన్నారు. రెండు అంచనాలూ ప్రకటనలో వేశారు, ఆర్డరు 21లో రూలు 66 అలాగే చెప్తోంది. బాకీకి సరిపడా ఆస్తే అమ్మాలన్న రూలు 64 ప్రకారం తూర్పు వైపు డెబ్బై సెంట్లు సర్వేయరుతో కొలిపించారు.

2023 జనవరిలో మొదటి పాటకు ఒక్కడూ రాలేదు. ఊరివాడి పొలం కోర్టు వేలంలో పాడుకుంటే రేపు గట్టు మీద నడవనివ్వరని అందరికీ తెలుసు. అప్పుడు రూలు 72 కింద డిక్రీదారే పాడుకోవడానికి, డిక్రీ సొమ్ములో సర్దుబాటు చేసుకోవడానికి అనుమతి తీసుకున్నాం. కొత్త ప్రకటనలో బాకీ, ఖర్చులతో కలిపి 14,12,000. జులై 18న టీచరు గారు 14,20,000కు పాడారు. పైన మిగిలిన ఎనిమిది వేలు అక్కడే కట్టారు. డెబ్బై ఐదేళ్ళ వయసులో ఆవిడకు పొలమెందుకు? నాకూ అక్కర్లేదనే అన్నారు. కానీ రూలు 89 మా లెక్కలో ఉంది. వేలం అయిన అరవై రోజుల్లో ప్రకటనలో చూపిన బాకీ మొత్తం, పాట ధర మీద ఐదు శాతం కలిపి కడితే వేలం రద్దవుతుంది. పొలం కోర్టు కాగితాల మీద చేతులు మారేదాకా వాళ్ళు డబ్బు తియ్యరని నా నమ్మకం.

యాభై ఏడో రోజు, సెప్టెంబరు 13న, బజార్లో చవితి పందిళ్ళు వేస్తున్నారు. ఐపీ జాబితాలో అప్పులాయనగా ఉన్న బావమరిదే వచ్చి చలానా కట్టాడు: 14,12,000, దాని మీద 71,000. మొత్తం 14,83,000.

కోర్టులో కట్టిన డబ్బు తీసుకునే చెక్కు పిటిషను నడిచి డబ్బు ఖాతాలో పడేసరికి నవంబరు. నోటు ప్రకారం అప్పటికి రావాల్సింది దాదాపు 21 లక్షలు. ఆరు లక్షల పైచిలుకు పోయింది. అందులో నోటీసు ఖరీదెంతో నేను లెక్క వేయలేదు, ఆవిడా అడగలేదు.

ఈపీ మూసేసే రోజు మెమో మీద సంతకం పెడుతూ, ఆ నోటు తిరిగిస్తారా బాబూ అన్నారు. ఇవ్వరండీ, మొదటి సాక్ష్యపు కాగితంగా, ఏ-1గా, ఫైల్లో ఉండిపోతుందన్నాను. అయితే వెనకవైపు ఒక జిరాక్సు తీయించమన్నారు.